మోకాలి మాట ఎత్తొద్దు

'అమ్మడం' అనే మాట మా క్లబ్బులో ఎవరూ వాడేవారు కాదు. 'రిలీజ్ ఇవ్వడం' అనేవాళ్ళం. కలకత్తా నుంచి ఏదైనా క్లబ్బు మా ఆటగాణ్ణి అడిగితే "రిలీజ్ ఇస్తాంలెండి, కూర్చుని మాట్లాడుకుందాం" అనేవాళ్ళం. ఆ కూర్చుని మాట్లాడటం నా పని.

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో మా తెలుగువాళ్ళ ఫుట్‌బాల్ క్లబ్బుకి పద్నాలుగేళ్ళు నేనే సెక్రటరీని. పగలు వర్క్‌షాపు టైమ్ ఆఫీసులో గుమాస్తాని, సాయంత్రం ఆటగాళ్ళకి ధర కట్టేవాణ్ణి. మా దగ్గర పేరు నమోదైన ఆటగాడు ఇంకో క్లబ్బుకి ఆడాలంటే అభ్యంతరం లేదని మా ఎన్‌ఓసీ కాగితం కావాలి, దాని మీద నా సంతకం ఉండాలి. డబ్బు ఆ సంతకానికి. బెంగాలీ, హిందీ, తెలుగు మూడూ వచ్చు కాబట్టి, ఎదుటివాడు అంకె చెప్పగానే మొహం మార్చకుండా ఇంకో విడత టీ తెప్పించగలను కాబట్టి, బేరానికి కూర్చుంటే నన్ను మించినవాడు లేడనేవారు. అది విని మురిసిపోయేవాణ్ణి.

మా తాత శ్రీకాకుళం వైపు పశువుల సంతల్లో దళారీగా తిరిగినవాడట. అక్కడ బేరం నోటితో ఆడరు. ఇద్దరు మనుషులు తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్ళకి తెలియకూడదని అలా చేస్తారని నాన్న చెప్పేవాడు. ఎద్దు ముందు దాని ధర పైకి అనడం బాగుండదని కూడా కాబోలు అని నేను తర్వాత అనుకున్నాను. మాకు ఆ తువ్వాలు కూడా లేకపోయింది.

మా సెంటర్ ఫార్వర్డుకి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. వాళ్ళ నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు, నాకు అన్నలాంటివాడు, పోయి చాలా ఏళ్ళయింది. అందుకే వాడూ, వాళ్ళక్కా నన్ను సిన్నాన్న అని పిలిచేవారు. అక్క ప్రేమ్ బజార్‌లో స్టూడెంట్లకి ఇడ్లీ, దోసె వేసే చిన్న హోటలు నడిపేది. వీడు పొద్దున్న అక్కడ పిండి రుబ్బి, గిన్నెలు మోసి, సాయంత్రం గ్రౌండుకి వచ్చేవాడు. వాడి ఆటలో ఒక విశేషం ఉండేది. గోలు ముందు బంతి దొరికితే అందరూ తొందరపడతారు, వాడు ఆగేవాడు. గోల్‌కీపరు ఒక పక్కకి ఒంగేదాకా ఆగి, రెండో పక్కన బంతిని మెల్లగా నెట్టేవాడు. వాడు అలా ఆగినప్పుడు గ్రౌండు చుట్టూ ఉన్న జనం కూడా ఊపిరి బిగపట్టేవారు. మేదినీపూర్ నుంచి సైకిళ్ళ మీద వచ్చి చూసేవాళ్ళుండేవారు.

వాడికి కావలసింది ఒకటే, రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. ట్రయల్స్ ఆ ఏడాది చివర్లో. వయసు పరిమితి ఇరవై ఐదు. అంటే వాడికి అదే ఆఖరి అవకాశం.

చలికాలంలో వరికోతలయ్యాక ఈ చుట్టుపక్కల ఊళ్ళలో టోర్నమెంట్లు పెడతారు. మంచి ఆటగాళ్ళని ఒక్క రోజుకి అద్దెకి తెచ్చుకుంటారు. దాన్ని ఖేప్ ఆడటం అంటారు. ఆటగాడికి కొంత ముడుతుంది, పంపినవాడికి కొంత ముడుతుంది. ఆ జనవరిలో ఒక ఊరివాళ్ళు వాడినే కావాలన్నారు.

"ఒద్దు సిన్నాన్నా, ట్రయల్ ఉంది. ఆ పొలాల్లో ఆడితే కాలు పోద్ది" అన్నాడు వాడు.

"ఒక్క మేచ్‌కి ఏటవుద్దిరా? నువ్వేవైనా గాజు బొమ్మవా? నేను మాటిచ్చేసినాను" అన్నాను.

నిజానికి నేను అడ్వాన్సు కూడా తీసేసుకున్నాను. వాడు వెళ్ళాడు. రెండో సగంలో బంతి కోసం తిరుగుతుంటే కాలు వరి మోళ్ళలో ఇరుక్కుపోయింది. కాలు అక్కడే ఉండిపోయింది, ఒళ్ళు తిరిగింది. వాణ్ణి మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చారు. మోకాలు బొప్పాయిలా ఉబ్బింది.

నేనే స్కానింగ్ చేయించాను. అది క్లబ్బు ఖర్చు, అందుకని రిపోర్టు నా చేతికే వచ్చింది. స్కానింగ్ సెంటరు డాక్టరు నాకు విడమరచి చెప్పాడు. లిగమెంటు సగం తెగింది, ఇప్పుడే ఆపరేషన్ చేయించి తొమ్మిది నెలలు జాగ్రత్తగా ఉంటే మళ్ళీ ఆడగలడు, ఈలోపు ఆడితే మిగిలిన సగం కూడా పోతుంది.

బయట బెంచీ మీద వాడు కూర్చుని ఉన్నాడు. "ఏటన్నారు సిన్నాన్నా?" అన్నాడు.

"నరం బెణికిందిరా. మూడు వారాలు రెస్టు. ఆవనూనె రాయించు" అన్నాను.

ఎందుకు అలా అన్నాను? ఆ వారమే కలకత్తా నుంచి ఫోను వచ్చింది. లీగులో కింది డివిజన్‌కి జారిపోయేలా ఉన్న ఒక క్లబ్బుకి గోల్స్ వేసేవాడు కావాలి, వీడి వీడియోలు చూశారు, ఏప్రిల్‌లో వచ్చి మాట్లాడతామన్నారు. మా క్లబ్బు చరిత్రలో అంత పెద్ద బేరం రాలేదు. మా ప్రెసిడెంటు గోల్‌బజార్‌లో స్టీలు సామాన్ల షాపు ఉన్న పెద్దమనిషి, ఆ డబ్బుతో క్లబ్బు గదికి శ్లాబు వేయించి, దాని మీద తన పేరు చెక్కించాలని అప్పుడే అనుకున్నాడు. నాకు పదో వంతు. ఇవీ కారణాలు. ఇంకా పెద్ద కారణమేదైనా ఉందేమోనని చాలాసార్లు నాలో వెతుక్కున్నాను. లేదు.

రిపోర్టు క్లబ్బు బీరువాలో పెట్టి తాళం వేశాను. ప్రెసిడెంటుకి మాత్రం చెప్పాను. ఆయన చెవిలో పుల్ల తిప్పుకుంటూ "ఏప్రిల్ దాకా నడుస్తాడా?" అన్నాడు. "నడుస్తాడు" అన్నాను.

ఏప్రిల్‌లో కలకత్తా నుంచి ఇద్దరు మా క్లబ్బు గదికి వచ్చారు. ఒకాయన ఆ క్లబ్బు అధికారి, లావుగా ఉన్నాడు, వేళ్ళకి ఉంగరాలు. రెండోవాడు ఫైలు పట్టుకున్న సన్నటి బెంగాలీ మనిషి, ఒక్క మాటా మాట్లాడలేదు. ఆయన గుమాస్తా అనుకున్నాను. నేనూ మా ప్రెసిడెంటూ బిర్యానీ తెప్పించాం. తింటూ తింటూనే ఆ లావాటాయన వాణ్ణి పిలిపించమన్నాడు.

వాడు వచ్చి నిలబడ్డాడు. ఉతికిన జెర్సీ వేసుకున్నాడు, తల దువ్వుకున్నాడు. ఆయన ఎడమ చేతిని వాడి తొడ మీద వేసి నొక్కాడు, పిక్క పట్టుకుని చూశాడు. కుడి చేతిలో బిర్యానీ ఎముక అలాగే ఉంది. బాగుందన్నట్టు "భాలో, భాలో" అన్నాడు. వాడు ఇబ్బందిగా నా వైపు చూసి నవ్వాడు. నేనూ నవ్వి, "దాదా, ఇది కాలు కాదు, ఫిరంగి" అన్నాను. అందరూ నవ్వారు. వాణ్ణి పంపించేశాం.

బేరం మొదలైంది. ఆయన లక్ష అన్నాడు. నేను టీ తెప్పించాను. మేం మూడు అన్నాం. ఆయన తన క్లబ్బు పేదరికం గురించి చెప్పాడు, ఉంగరాలు తిప్పుకుంటూ. రెండు దగ్గర ఆగింది. అప్పుడు ఆయన "ఒంట్లో ఎక్కడా దెబ్బలేమీ లేవు కదా?" అని అడిగాడు.

మా ప్రెసిడెంటు నోరు తెరవబోయాడు. ఆయన నోరు తెరిస్తే ఏదో ఒకటి కక్కేస్తాడని నాకు భయం. నవ్వుతూనే ఆయన వైపు తిరిగి తెలుగులో అన్నాను: "మోకాలి మాట ఎత్తొద్దు. రిపోర్టు బీరువాలో బద్రంగా ఉంది. ముందు రేటు తెగనీండి."

"ఆడు కుంటితే?" అన్నాడాయన, ఆయనా నవ్వుతూనే.

"కుంటితే అక్కడ కుంటుతాడు. మనకేటి?"

ఈ ఊళ్ళో పుట్టినవాడెవడూ చేయకూడని పొరపాటు అది. గోల్‌బజార్‌లో కూరలమ్మే బెంగాలీ ముసలమ్మ కూడా నాతో తెలుగులోనే గీసి గీసి బేరమాడుతుంది. మా వీధిలో బెంగాలీ పిల్లలు తెలుగులో తిట్టుకుంటారు. ఇక్కడ తెలుగు చాటు భాష కాదని మా ఆడవాళ్ళందరికీ తెలుసు, వాళ్ళు బస్సులో అత్తగారి గురించి కూడా మాట్లాడుకోరు. కానీ వచ్చినవాళ్ళు కలకత్తావాళ్ళు కదా అనుకున్నాను.

లావాటాయన సిగరెట్టుకని వరండాలోకి వెళ్ళాడు. ఫైలు మనిషి వెనకాలే వెళ్ళాడు. పది నిమిషాలకి తిరిగొచ్చారు. ఆయన మొహం చాలా ప్రసన్నంగా ఉంది.

"దాదా, మీ మాట ఎందుకు కాదనాలి? క్లబ్బుకి రెండున్నర ఇస్తాం. ఆటగాడి కాంట్రాక్టు మాత్రం కొద్దిగా మారుస్తాం. నెల జీతం ఉండదు, ఆడిన మేచ్‌కే డబ్బు. దెబ్బ తగిలితే కాంట్రాక్టు అంతటితో సరి. వైద్యం ఖర్చు వాడిదే."

నేను ఎన్నో బేరాలు చూశాను. ఎదుటివాడు తనంతట తాను ధర పెంచాడంటే ఏదో ఉందని నాకు తెలియాలి. ప్రెసిడెంటు నా తొడ మీద చిన్నగా తట్టాడు, ఒప్పుకో అని. ఒప్పుకున్నాను. ఆటగాడి జీతం గురించి ఒక్క మాట అడగలేదు.

మెట్ల దగ్గర ఫైలు మనిషి వెనకబడ్డాడు. చెప్పులు తొడుక్కుంటూ, మా వీధి మనిషి మాట్లాడినట్టే అన్నాడు: "బిర్యానీ బాగుందండి. నాను ఈ ఊళ్ళోనే, ట్రాఫిక్ సెటిల్‌మెంట్ కోర్టర్సులో పుట్టినాను. మా పక్కింటోళ్ళు మీ తెలుగోళ్ళే, ఆళ్ళింట్లోనే పెరిగినాను." రెండో చెప్పు కూడా తొడుక్కుని, "కుర్రోడికి మోకాలు సూపించండి బాబూ" అని వెళ్ళిపోయాడు.

ఈ ఫైలు మనిషే మోకాలి సంగతి తన యజమానికి మోశాడు. ఈ మనిషే కుర్రాడికి మోకాలు చూపించమని నాకు చెప్పాడు. మా ఇద్దరిలో ఎవడు తక్కువ నీచుడో తేల్చుకోలేక నేను మెట్ల మీద నిలబడ్డాను. లోపల ప్రెసిడెంటు మిగిలిన బిర్యానీ ఎవరు పట్టుకెళ్తారని అడుగుతున్నాడు.

నాలుగు రోజుల తర్వాత సంతకాలకి నేనూ వాడూ హౌరా లోకల్లో వెళ్ళాం. రెండున్నర గంటల ప్రయాణం. వాడు కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టి తను ఎదురుగా కూర్చున్నాడు. మోకాలికి బట్ట తొడుగు. నొప్పిగా ఉందా అని అడిగాను.

"మెట్లు దిగితే లాగుతంది. నువ్వన్నట్టు నరమే. లీగులో పది గోల్సు కొట్టినాననుకో, ట్రయల్స్‌లో ఆళ్ళే పిలిసి తీసుకుంటారు. ఏటంటావు?"

"ఆ" అన్నాను.

"నీ రుణం ఉంచుకోను సిన్నాన్నా. మొదటి జీతంతో నీకు మంచి చెప్పులు కొంటాను. ఇవి సూడు, ఏలు బయటికొచ్చేసింది."

వాడికి జీతం లేదని నాకు తెలుసు. రైలు సాంత్రాగాచీ దాటింది. చెప్పడానికి ఇంకా పావుగంట ఉంది అనుకున్నాను, తర్వాత పది నిమిషాలు ఉంది అనుకున్నాను. కారం మరమరాలు, ఝాల్‌ముడి కొని పెట్టాను. కలకత్తా క్లబ్బు ఆఫీసులో వాడు కాంట్రాక్టు చదవలేదు. "నువ్వు సూసినావు కదా" అని సంతకం చేశాడు.

నా వాటాతో ఇంట్లో ఏసీ పెట్టించాను. ఆ వేసవిలో మా ఆవిడ చుట్టాలందరికీ ఫోను చేసి ఆ సంగతి చెప్పింది. నేను దాని కింద దుప్పటి కప్పుకుని పడుకున్నాను. పశ్చాత్తాపంతో నిద్ర పట్టలేదని రాస్తే అబద్ధమవుతుంది. బాగానే పట్టింది.

వాడు మూడు మేచ్‌లు ఆడాడు, రెండు గోల్స్ వేశాడు. నాలుగో మేచ్‌లో ఎవరూ తాకకుండానే పడిపోయాడు. ఆ కలకత్తా క్లబ్బు ఒక ఐసు సంచీ ఇచ్చింది, తర్వాత లోకల్ టికెట్టు ఇచ్చింది. కర్ర పట్టుకుని వచ్చాడు. నన్ను చూడటానికి రాలేదు. అది చాలు, తెలిసిపోయిందని నాకు అర్థమైంది. ఆ ఫైలు మనిషే వాణ్ణి హౌరాలో రైలెక్కిస్తూ అంతా చెప్పాడట, రిపోర్టు సంగతితో సహా.

ట్రయల్స్ తేదీ వచ్చి వెళ్ళిపోయింది. ఆ రోజు నేను టైమ్ ఆఫీసు కిటికీలోంచి గ్రౌండు వైపు వెళ్తున్న కుర్రాళ్ళని చూసి, కుర్చీ గోడ వైపు తిప్పుకున్నాను. ఆ తర్వాత మా కాలనీ అమ్మవారి జాతర, మాతా పూజకి వచ్చిన జనం నన్ను చూసి పక్కకి తప్పుకుంటున్నారనిపించింది. నిజానికి ఎవరూ తప్పుకోలేదు. అందరూ ఎప్పటిలాగే నమస్కారం పెట్టారు, ఒకాయన తన మేనల్లుడికి రేటు చూడమని కూడా అడిగాడు. నాకు అసహ్యం వేసింది. ఆయన మీద కాదు, మనసులో అప్పటికే ఒక అంకె వేసుకున్న నా మీద. మర్నాడు సెక్రటరీ పదవికి రాజీనామా రాసిచ్చాను. ప్రెసిడెంటు కొత్త శ్లాబు కింద కూర్చుని, "ఒంట్లో బాగోలేదా?" అన్నాడు.

ఆపరేషన్‌కి లక్షన్నర అవుతుందని తెలిసింది. పీఎఫ్‌లోంచి అంతా తీసి, గుడ్డ సంచీలో పెట్టుకుని ప్రేమ్ బజార్ వెళ్ళాను. మధ్యాహ్నం మూడు గంటలు, హోటల్లో ఎవరూ లేరు. అక్క పెనం గీకుతోంది. వాడు లోపల బల్ల మీద కాలు చాపుకుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు, తరగడం మాత్రం ఆపలేదు.

దారంతా ఒకే మాట అనుకుంటూ వచ్చాను: లక్షన్నర తెచ్చాను, తీసుకోండమ్మా. నోరు తెరిచాను.

"ఆపరేషన్‌కి ఓ యాభై వేలు దాకా సర్దగలనేమో" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలుసు. పద్నాలుగేళ్ళు నేను మొదటి అంకె అలాగే చెప్పాను. ఎదుటివాళ్ళు ఏమంటారో చూడ్డానికి, ఉన్నదానిలో మూడో వంతు. ఆ సంచీ నా ఒళ్ళోనే ఉంది, నా రెండు చేతులూ దాన్ని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

అక్క పెనం గీకడం ఆపింది. సంచీ వైపు చూసింది. "అందులో ఎంతుంది సిన్నాన్నా?"

"లక్షన్నర."

"మరి యాబయ్యంటావేటి?"

లోపల కత్తి చప్పుడు ఆగింది.

"మాతో కూడా బేరమేనా?" అందామె. గొంతు పెంచలేదు. "మా నాన్న పోయినప్పుడు నువ్వే పాడె మోసినావు. అది కూడా ఎవుడి దగ్గరైనా రేటు మాటాడుకునే మోసినావా?"

"తప్పయిపోయిందమ్మా."

"తప్పని నాకు సెప్పకు. నాకు ఏటొస్తది దాంతో? ఆ డబ్బు మా సేతికొద్దు, ఆస్పత్రిలో నువ్వే కట్టు. ఆ రిపోర్టు పట్టుకుని నువ్వే డాక్టరు దగ్గిరికి రా. ఎప్పుడు తగిలిందో, ఎవుడు పంపితే తగిలిందో, నీ నోటితో నువ్వే సెప్పు. హౌరాలో ఆ మనిషి సెప్పేదాకా ఆడు తన తప్పే అనుకున్నాడు, నూనె సరిగ్గా రాయనేదని."

వాడు లోపల్నుంచి, "అక్కా, ఒదిలీ" అన్నాడు.

"నువ్వు నోరుముయ్యి. నువ్వు ఒదల్డం వల్లే ఇంతయింది."

మర్నాడు ముగ్గురం మేదినీపూర్‌లో డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పెద్దాయన, బెంగాలీ. వాడి మోకాలిని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదిపి చూశాడు. "మొదటిసారి ఎప్పుడు తగిలింది?" అన్నాడు.

వాడు గోడ వైపు చూశాడు. అక్క నా వైపు చూసింది.

జనవరిలో తగిలిందని చెప్పాను. వాడు వద్దన్నా పొలంలో ఆడమని పంపింది నేనేనని, రిపోర్టు వాడికి చూపించకుండా దాచింది నేనేనని, తెలిసి తెలిసి కలకత్తా పంపానని చెప్పాను. బెంగాలీలో చెప్పాను. చెబుతున్నంతసేపూ మాటలు ఎంత తేలిగ్గా, ఎంత పొందికగా వస్తున్నాయో నాకే వినిపిస్తోంది. ఆ గొంతు కలకత్తావాళ్ళకి కాలు ఫిరంగి అని చెప్పిన గొంతే. డాక్టరు కళ్ళజోడు తీసి నన్ను చూశాడు. రిపోర్టు తీసుకుని చదివి, దాన్ని నాకు కాక వాడికి ఇచ్చాడు. వాడు తేదీ దగ్గర వేలు పెట్టి, కింది దాకా నెమ్మదిగా చదివాడు. పన్నెండో క్లాసు చదివినవాడు, ఇంగ్లీషు వచ్చు. ఆ రోజు బెంచీ మీద వాడి చేతికి ఇచ్చి ఉంటే వాడే చదువుకునేవాడు.

"అప్పుడే వచ్చి ఉంటే ఆడేవాడివి. ఇప్పుడు లోపల గుజ్జు కూడా అరిగిపోయింది. ఆపరేషన్ చేస్తే బాగా నడుస్తావు, మెట్లెక్కుతావు. ఫుట్‌బాల్ కుదరదు" అన్నాడు డాక్టరు.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాడు రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏడుస్తాడనుకున్నాను.

"డాక్టర్ బాబూ, విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీవాళ్ళు పనిస్తామన్నారు. ఎనిమిది గంటలు నిలబడాలి. చెయ్యగలనా?"

"ఎనిమిది నెలల తర్వాత చెయ్యొచ్చు."

"అంతవరకు ఆళ్ళు ఆగరు. నాలుగు నెలలకి?"

"కుదరదు. మళ్ళీ పోతుంది."

"రోజూ ఎక్సర్‌సైజు చేస్తాను. మీరు ఏం చెబితే అది చేస్తాను. ఐదు?"

డాక్టరు వాడి కాలు వైపు చూశాడు. నాకు నోరు దురద పెట్టింది. ఇంకొకమాట ఎలా అంటే ఆయన దిగుతాడో, ఎక్కడ ఆగితే మెత్తబడతాడో నాకు తెలుసు. ముందుకి ఒంగాను కూడా. అక్క నా మోచేతి మీద చెయ్యి వేసి వెనక్కి నెట్టింది.

"ఆరు. అంతకంటే తగ్గను" అన్నాడు డాక్టరు.

"ఆరు" అన్నాడు వాడు.

డాక్టరు చీటీ మీద ఆరు నెలలని రాసి, డబ్బు కట్టే కిటికీ కింది అంతస్తులో ఉందని నాకు చెప్పాడు. సంచీ తీసుకుని కిందికి వెళ్ళాను.